మూడు తరగతుల గదిలో కొత్త టీచరు

సంపాదకులకు నమస్కారం.

మెగా డీఎస్సీ 2025లో 16,347 టీచరు పోస్టులకు ప్రకటన పడింది. ఎంపికైన వాళ్లు 2025 అక్టోబరులో బడుల్లో చేరారు. అప్పటికే విద్యా సంవత్సరం సగానికొచ్చింది కాబట్టి ముందున్న టీచరు వేసిన బాటలోనే ఆ ఏడాది గడిచిపోయింది. ఈ జూన్‌లో బడులు తెరిచాక మాత్రం మొదటి రోజు నుంచీ పిల్లలు వాళ్ల చేతుల్లోనే ఉంటారు. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని 2021లో కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు కూడా ఈ 2026–27తోనే తీరుతుంది. కోనసీమలోనూ, అవతల పాలకొల్లు, నరసాపురం వైపు గోదావరి లంకల్లోనూ ఒకరిద్దరు టీచర్లున్న బడుల్లో చాలాకాలంగా పనిచేస్తున్న వాళ్లం కొందరం కలిసి, కొత్తగా వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ అక్కరకొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం. అధికారులకు ఒక విన్నపం కూడా ఉంది. అది చివర్లో.

కొత్తవాళ్లకు పాఠం చెప్పడం రాదంటే మేం ఒప్పుకోం. అంత పోటీ తట్టుకుని వచ్చినవాళ్లకు సబ్జెక్టు వచ్చు, ఉత్సాహమూ ఉంది. తికమక వేరేచోట ఉంది. టీచరు శిక్షణ కోర్సు డీఈడీలో చేయించే టీచింగ్ ప్రాక్టీసు ఒక తరగతి, ఒక పీరియడు, ఒక పాఠం లెక్కన సాగుతుంది. పాఠ్య ప్రణాళికలూ అలాగే రాయిస్తారు. ఇక్కడ చేతికొచ్చేది ఒక గది, ఆ గదిలో రెండో మూడో తరగతులు. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరే టీచర్లు. మోడల్ ప్రైమరీ బడుల్లో తరగతికొకరు ఉంటారు గానీ, లంకల్లో, పేటల్లో, పాలేల్లో ఉన్న చిన్న బడుల్లో ఐదు తరగతులూ ఇద్దరి మీదే నడుస్తాయి. ఒకరికి ఒకటీ రెండూ, ఇంకొకరికి మూడూ నాలుగూ ఐదూ. ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగుకు వెళ్లినా ఐదూ మిగిలినవారివే. మొదటి మూడు నెలల్లో కొత్త టీచరు నేర్చుకోవాల్సింది ఆ గదిని నడపడం. అదొక్కటీ ఎవరూ నేర్పకుండానే బడికి పంపుతున్నారు.

మొదటి వారం పాఠ్యపుస్తకం తెరవకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసుకోవాలి. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు చాలు. ముప్పై మంది ఉన్న బడిలో రోజుకు ఆరుగురి చొప్పున ఐదు రోజుల్లో అయిపోతుంది. వరండాలో చాప వేసుకుని పిల్లాడి పక్కన కూర్చోవాలి. బల్లకు అటు టీచరు, ఇటు పిల్లాడు అయితే అది వాడికి పరీక్షలాగే ఉంటుంది, వచ్చింది కూడా చెప్పడు. కొలతకు, పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతే సరిపోతుంది. ముందు నాలుగు చిన్న వాక్యాల పేరా ఇవ్వాలి. అది చదివితే పైకి, రెండో తరగతి స్థాయి కథకు వెళ్లాలి. చదవలేకపోతే కిందికి దిగి ఐదు పదాలు అడగాలి, నాలుగు చదివితే పదాల స్థాయి. అదీ కాకపోతే ఐదు అక్షరాలు చూపించాలి, నాలుగు చెబితే అక్షరాల స్థాయి.

దీనికి పాఠ్యపుస్తకంలోని పేరా మాత్రం వాడొద్దు. రెండో తరగతి పిల్లలు పాత పాఠాన్ని గడగడా అప్పజెప్పేస్తారు. వేలు ‘పడవ’ అన్న మాట మీద ఉంటుంది, నోరు మూడో లైన్లో ఉంటుంది. అనుమానమొస్తే చివరి లైన్లో ఒక మాట ఉంచి మిగతాదంతా అరచేత్తో మూసి అడిగితే తెలిసిపోతుంది. కొత్త టీచర్లు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. మోసపోయిన సంగతి సెప్టెంబరు దాకా బయటపడదు.

చూసింది ఒక నోటుబుక్కులో, పిల్లకొక పేజీ చొప్పున రాసుకోవాలి. మార్కు వేసుకుంటే పనికిరాదు. ‘ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగింది’, ‘కె, కే ఒకటే అంటున్నాడు’, ‘చదివింది గానీ ఎవరి గురించో చెప్పలేదు’ అని రాసుకుంటే రేపు ఏం చెప్పాలో ఆ పేజీయే చెబుతుంది. వారం చివర పేజీలు తిరగేస్తే ఐదో తరగతిలో పదాల దగ్గర ఆగిపోయినవాళ్లు ఇద్దరో ముగ్గురో, రెండులో పేరా చదివేవాళ్లు ఒకరో ఇద్దరో కనిపిస్తారు. అందుకే పొద్దున మొదటి గంట తరగతి గీతలు చెరిపేసి అక్షరాలవాళ్లు, పదాలవాళ్లు, పేరావాళ్లు అని మూడు గుంపులుగా కూర్చోబెట్టాలి. ఐదో తరగతి పిల్లలు చిన్నపిల్లల గుంపులో కూర్చోవడానికి సిగ్గుపడతారు. వాళ్లను గుంపులో చివర కాకుండా టీచరు పక్కన కూర్చోబెట్టి, కార్డులు పంచే పని ఇస్తే ఆ సిగ్గు వారంలో పోతుంది.

గంట తర్వాత తరగతులవారీగా పని మొదలవుతుంది. మూడు, నాలుగు, ఐదు ఒకే గదిలో ఉంటే 45 నిమిషాల పీరియడును ఇలా కోసుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాల్లో రెండు తరగతులకు సొంతంగా చేసుకునే పని అప్పగించాలి. తర్వాత 15 నిమిషాలు మూడో తరగతితో కూర్చోవాలి. ఐదు నిమిషాలు గదిలో తిరుగుతూ మిగతా ఇద్దరి పని చూడాలి. మళ్లీ 15 నిమిషాలు నాలుగుతో. చివరి ఐదు నిమిషాలు దిద్దడం. ఆ పీరియడులో ఐదుకు నేరుగా పాఠం ఉండదు, తర్వాతి పీరియడులో వాళ్ల వంతు ముందు. అన్ని తరగతులకూ ప్రతి పీరియడులో పాఠం చెప్పాలని పరిగెడితే ఎవరికీ ఏమీ అందదు, సాయంత్రానికి గొంతు పోతుంది.

ఇదంతా ఆ సొంత పని మీద ఆధారపడి ఉంటుంది. ‘ఎక్కాలు రాయండి’, ‘పాఠం చూసి రాయండి’ అన్నవి పని కాదు. చూసి రాసే పిల్లాడు అక్షరం చూడడు, గీత చూస్తాడు. పది నిమిషాలకు విసుగొచ్చి పక్కవాడి పలక లాగుతాడు. సొంత పనికి మూడు గుణాలుండాలి. అది ముందే నేర్పిన విషయమై ఉండాలి, తప్పో ఒప్పో పిల్లలే చూసుకోగలగాలి, ఐదు నిమిషాల్లో అయిపోకూడదు. పాత క్యాలెండరు అట్ట, డ్రాయింగ్ షీటు ముక్కలు అరచేతి వెడల్పున కోసి, ముందువైపు ఎనిమిది లెక్కలు, వెనకవైపు జవాబులు రాస్తే ఒక కార్డు. సబ్జెక్టుకు ఇరవై కార్డులుంటే రెండు నెలలు గడుస్తాయి. కొత్తవాళ్లు కార్డుల్ని మరీ కష్టంగా చేస్తారు. దాంతో నిమిషానికొకరు లేచి టీచరు దగ్గరకొస్తారు, చెబుతున్న పాఠం ఆగిపోతుంది. మొదటి రెండు వారాలూ కార్డులు తేలిగ్గానే ఉండాలి. అప్పుడు పిల్లలు నేర్చుకునేది లెక్క కాదు, టీచరు లేకుండా కూర్చుని పని చేసుకోవడం. రానిది ముందు పక్కవాళ్లను, తర్వాత గుంపు లీడరును అడగాలి, ఆ తర్వాతే టీచరు దగ్గరకు రావాలి అన్న వరుస కూడా ఆ రెండు వారాల్లోనే అలవాటు చేయాలి.

బోర్డును సుద్దతో నిలువునా మూడు భాగాలు చేసి, గంట కొట్టకముందే పని రాసిపెట్టాలి. ఒకటో తరగతికి పెద్ద బోర్డు అందదు. గోడకు నేల నుంచి అడుగు ఎత్తులో మొదలుపెట్టి మూడడుగుల దాకా నల్లరంగు పట్టీ వేయిస్తే నలుగురు పిల్లలు ఒకేసారి రాసుకోవచ్చు. పరిసరాల విజ్ఞానం మూడు తరగతులకూ కలిపి చెప్పొచ్చు. ‘నీళ్లు’ అని ఒక్క విషయం తీసుకుంటే, మూడువాళ్లు తమ వీధిలో నీళ్లు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ వేసి పేర్లు రాస్తారు. నాలుగువాళ్లు నాలుగు వాక్యాలు రాస్తారు. ఐదువాళ్లు కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో తాగే నీళ్లు, గొడ్లకు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో ఇంట్లో అడిగి పట్టిక వేసుకొస్తారు. అలా కలిపినప్పుడు ఒక పీరియడు మిగులుతుంది. దాన్ని ఒకటో తరగతికి ఇవ్వాలి.

ఎందుకంటే ఇలాంటి గదుల్లో అన్యాయం జరిగేది ఒకటో తరగతికే. గురుకులాల ప్రవేశ పరీక్ష నాలుగో తరగతివాళ్లకు, నవోదయది ఐదో తరగతివాళ్లకు ఉంటాయి, ఊళ్లో అడిగేదీ ఆ ఫలితాలే. టీచరు తెలియకుండానే అటు వెళ్లిపోతారు. ఐదో తరగతి అమ్మాయిని పిలిచి చిన్నపిల్లల దగ్గర కూర్చోబెడతారు. పది నిమిషాలు జంటగా చదివించడానికైతే మంచిదే. రోజంతా కూర్చోబెడితే ఆ అమ్మాయి చదువూ పోయింది, చిన్నపిల్లలకు టీచరూ లేరు. పొద్దున్నే, మనకు ఓపిక ఉన్నప్పుడే ఒకటీ రెండూ తరగతుల పని చూసుకోవాలి.

తెలుగు చదువు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మూడో తరగతిలో బయటపడే ఇబ్బంది అంతా ఇక్కడే పుడుతుంది. అక్షరమాలను వరుసగా ‘అ’ నుంచి ‘ఱ’ దాకా దిద్దించి, ఆ తర్వాత గుణింతాలు వల్లె వేయించి, ఆ తర్వాత మాటల్లోకి వెళ్తే డిసెంబరు వస్తుంది. అప్పటిదాకా పిల్లకు చదివిన సంతోషం ఒక్కరోజూ ఉండదు. ఙ, ఞ, ఝ లాంటివాటికి తొందరేమీ లేదు. ప, డ, వ, ల, ర, ద, క, న, గ, ఈ తొమ్మిదికి సున్న కలిపితే పడవ, వల, గడ, వరద, లంక, గంప, కడవ, కంద, గడప, పలక, కలప, దండ, పండగ, వంద, నడక అన్నీ వచ్చేస్తాయి. ఇవన్నీ డెల్టా పిల్లలకు కంటి ముందు ఉన్నవే. రోజుకు ఒక అక్షరం, పాతవాటితో కలిపి రెండు మూడు కొత్త మాటలు. మూడు వారాల్లో పిల్ల తనంతట తాను ఇంతకుముందు చూడని మాట చదువుతుంది. ఆ రోజు ఆ ముఖం చూడాలి.

గుణింతం వల్లె వేయడం వేరు, గుర్తుపట్టడం వేరు. ‘క కా కి కీ’ అని పాటలా చెప్పే పిల్లకు ‘కే’ ఒక్కటీ చూపిస్తే మొదటి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వస్తుంది. అడ్డంగా కాకుండా గుర్తునుబట్టి నేర్పాలి. ఒక రోజు గుడి మాత్రమే, కి, గి, ని, లి, వి, డి అని వచ్చిన అక్షరాలన్నిటికీ. రెండ్రోజులయ్యాక గుడి దీర్ఘం. గుడికి లొంగని మి, యి లాంటివి విడిగా, చివర్లో. కొమ్ము దగ్గర ఒక చిక్కుంది. ‘వ’కు కుడిపక్కన కొమ్ము కడితే అది ‘మ’ అయిపోతుంది, అందుకే ‘వు’లో కొమ్మును కిందికి దించుతాం. పు, ఫు, వు మూడూ ఇలాంటివే. ఈ కారణం చెప్పకుండా ‘తప్పు రాశావు’ అంటే పిల్ల నెలల తరబడి అదే తప్పు రాస్తుంది. ‘వ’ పక్కన కొమ్ము మీరే రాసి ‘ఇప్పుడిదేంటి?’ అని అడిగితే ‘మ అండీ’ అని తనే పట్టుకుంటుంది. ఇక మరిచిపోదు.

ఒత్తులూ అంతే. గ్గ, డ్డ, ద్ద, ప్ప లాంటివాటిలో ఒత్తు అసలు అక్షరాన్ని పోలి ఉంటుంది, తలకట్టు తీసేసి చూపిస్తే సరిపోతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అక్షరంతో పోలికే లేదు. ఈ ఆరింటికీ ఆరు కార్డులు చేసి వారానికి రెండు చొప్పున చెప్పాలి. అన్నీ ఒకే వారంలో చెబితే ‘పత్రిక’ను ‘పతరిక’ అని చదువుతారు, లేదా ఒత్తును చూడనట్టు దాటేస్తారు.

ఇంకో మాట, ఇది ఈ ప్రాంతానిది. మన పిల్లలు ఇంట్లో ‘ఈది’, ‘ఇత్తనాలు’, ‘ఏపచెట్టు’, ‘ఎల్లాడు’, ‘వత్తన్నాడు’ అంటారు. ఉక్తలేఖనంలో ‘విత్తనాలు’ అని టీచరు చెబితే ‘ఇత్తనాలు’ అని రాస్తారు. బయటి జిల్లాల నుంచి వచ్చిన టీచర్లు దీన్ని అక్షరాలు రాకపోవడం అనుకుంటారు. ఆ పిల్ల తను పలికినట్టే, ఒక్క ఒత్తూ వదలకుండా రాసింది. అంటే అక్షరాలు బాగా వచ్చాయనే అర్థం. అందుకే ఉక్తలేఖనం దిద్దేటప్పుడు తప్పుల్ని మూడు రకాలుగా విడదీయాలి. ఇంటి మాట వల్ల వచ్చినవి ఒకటి. బ, భ, ద, ధ, శ, ష, స లాగ చెవికి తేడా తెలియనివి రెండోది. గుడి, కొమ్ము, ఒత్తు గుర్తు తెలియనివి మూడోది. ముందు పని చేయాల్సింది మూడోదాని మీదే. మొదటివాటికి ‘మనం ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తారు’ అని రెండు వరుసల్లో రాసి గోడకు అంటిస్తే చాలు. చదివేటప్పుడు పుస్తకంలో ‘వస్తున్నాడు’ అని ఉంటే పిల్ల ‘వత్తన్నాడు’ అని చదివిందనుకోండి, మధ్యలో ఆపొద్దు. అర్థం తెలిసి చదివింది కాబట్టే తన మాటలోకి మార్చుకుంది. ఇంటి మాటను ఎగతాళి చేసిన గదిలో పిల్లలు నోరు విప్పడం మానేస్తారు. నోరు విప్పని పిల్లకు చదువు చెప్పడం మహా కష్టం.

వేగం గురించి. నిపుణ్ లెక్కలో రెండో తరగతికి నిమిషానికి 45 పదాలు, మూడుకు 60 అని ఉంది. తెలుగులో ‘వెళ్లిపోతున్నారట’ ఒక్క పదమే. గడియారం పట్టుకుని ఆ అంకె కోసం తరిమితే పిల్లలు మాట చివర మింగేసి పరిగెడతారు. తెలుగు మాట అర్థమంతా ఆ చివరే ఉంటుంది, వెళ్లాడో, వెళ్లలేదో, వెళ్లమన్నారో అక్కడే తెలుస్తుంది. పేరా చదివించాక ‘ఎవరు? ఎక్కడికి? ఎందుకు?’ అని మూడు ప్రశ్నలు అడగడం గడియారం కంటే మేలు.

లెక్కలకు కొనాల్సిందేమీ లేదు. కొబ్బరి ఈనెలు జానెడు పొడవున విరిచి, మొనలు తీసేసి (కళ్లలో గుచ్చుకుంటాయి), పది పదికి రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టుకోవాలి. నలుగురు పిల్లల గుంపుకు పది కట్టలు, పాతిక విడి పుల్లలు ఉండాలి. ఒకటో తరగతికి చింతపిక్కలు వద్దు, ముక్కుల్లో పెట్టుకుంటారు. 42లోంచి 17 తీయమంటే చాలామంది 35 అని రాస్తారు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి’ అని మనమే ఒకప్పుడు చెప్పిన మాటను పట్టుకుని 7లోంచి 2 తీసేస్తారు. నాలుగు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టి ఏడు పుల్లలు ఇవ్వమనండి. రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పుతారు, పన్నెండయ్యాయి. ఏడిస్తే ఐదు మిగిలాయి. మూడు కట్టల్లో ఒకటి ఇస్తే రెండు. 25. ‘అప్పు తెచ్చుకోవడం’ అనే మాట వాడొద్దు, అప్పంటే తిరిగివ్వాలని పిల్లలకు తెలుసు, ఎప్పుడివ్వాలో తెలియక గాబరా పడతారు. ‘కట్ట విప్పడం’ అంటే చేసిందే చెప్పినట్టు. ఈ పని కనీసం వారం రోజులు పుల్లలతోనే చేయించి, ఆ తర్వాత పక్కన అంకెలు రాయించాలి. రెండో రోజే పుల్లలు లోపల పెట్టేయడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

‘నూట ఐదు’ అంటే 1005 అని రాయడం ఇంకోటి. విన్నది విన్నట్టు, వంద రాసి ఐదు రాస్తారు. మూడు గళ్ల పొడవున్న కార్డు మీద 100, ఒక్క గడి కార్డు మీద 5 రాసి, చివరి సున్న మీద ఐదును పెట్టిస్తే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పుస్తకాలు రెండు భాషల్లో, ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి కాబట్టి సంఖ్య పేరు ముందు తెలుగులో ఖాయం చేయాలి. ఇరవై దాటాక తెలుగులో పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసే వరుసలోనే పలుకుతాం. ‘ఫోర్టీన్’లో నాలుగు ముందు వినిపించి 41 అని రాసేవాళ్లు, ‘థర్టీన్’నూ ‘థర్టీ’నీ కలిపేసేవాళ్లు ప్రతి బడిలో ఉంటారు.

అల్లరి గురించి పెద్దగా చెప్పేది లేదు. కొట్టడం, తిట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం, దాని వల్ల ఉపయోగమూ లేదు. ఇలాంటి గదుల్లో అల్లరి పుట్టేది ఖాళీగా కూర్చున్నప్పుడు, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు. మారేటప్పుడు ఐదు నిమిషాలు పోతే ఏడు పీరియడ్లకు 35 నిమిషాలు పోయినట్టే. నీళ్లకు ముగ్గురు చొప్పున వెళ్లడం, పలక తుడిచే గుడ్డ ఎక్కడుండాలి, చెక్కిన పెన్సిళ్లు నాలుగు డబ్బాలో సిద్ధంగా ఉండడం వంటివి జూన్‌లోనే అలవాటు చేస్తే సగం గొడవ ఉండదు. గొంతు పెంచే కొద్దీ పిల్లలూ పెంచుతారు. చప్పట్ల లెక్కో, ఎత్తిన చెయ్యో ఒకటి పెట్టుకుని దాన్నే వాడాలి.

డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన బడి భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు వంద గ్రాముల బియ్యం లెక్క. పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్లెవరో మొదటి వారంలోనే తెలుసుకోవాలి. పదకొండున్నరకు బల్ల మీద తల వాల్చే పిల్ల మొద్దు కాదు, ఆకలితో ఉంది. కష్టమైన లెక్కలన్నీ మొదటి రెండు గంటల్లో ముగించడానికి అదొక కారణం.

వరద రోజులు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది గానీ, లంకల కాజ్‌వేలు అంతకు చాలా ముందే మునుగుతాయి. కాబట్టి లంక బడికి వెళ్లే కొత్త టీచరు జులై మొదట్లోనే రేవు పడవ వేళలు, ఊళ్లో పడవ ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోవాలి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకూడదు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, పిల్లల పేజీల నోటుబుక్కు పాలిథిన్ సంచిలో కట్టి బీరువా పైన పెట్టాలి. బియ్యం బస్తాలు బల్లల మీదికి ఎక్కించాలి. సెలవు ప్రకటించేదాకా ఆగకుండా, నీళ్లు పెరుగుతున్నాయని తెలిసిన రోజే పిల్లకు ఐదారు కార్డుల చొప్పున కట్టి ఇంటికి పంపాలి. నీళ్లు తీశాక గదిలో మూలమూలా, బల్లల కింద పాముల కోసం చూసి, బ్లీచింగ్ చల్లి, ట్యాంకు కడిగించాకే పిల్లల్ని లోపలికి రానివ్వాలి. ఆపిన పాఠం దగ్గర్నుంచి ఎత్తుకోవద్దు. పది రోజులు ఇంటి దగ్గరున్న ఒకటో తరగతి పిల్లకు చివర నేర్చుకున్న నాలుగైదు అక్షరాలు జారిపోతాయి. రెండ్రోజులు వెనక్కి వెళ్లి రావాలి.

ఇళ్ల సంగతి. కోనసీమలో చాలామంది పిల్లల అమ్మలు కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తున్నారు. బడికి వచ్చేది అమ్మమ్మో నాయనమ్మో. పేరెంట్స్ మీటింగులో ‘తల్లిదండ్రులు ఎందుకు రాలేదు’ అని పిల్లను అందరి ముందూ అడగకూడదు. ‘అమ్మమ్మగారూ, కూర్చోండి’ అని కుర్చీ వేసి, మొదట పిల్ల చేసిన మంచి పని ఒకటి చూపించి, తర్వాత చేయాల్సింది ఒక్కటే చెప్పాలి. చదువు రాని అమ్మమ్మ కూడా రాత్రి అన్నాలయ్యాక ‘ఇయ్యాల బళ్లో చదివింది చదువమ్మా’ అని పక్కన కూర్చోగలదు. ఆ పని అడగాలి. అమ్మకు పంపడానికి ఇంకోటి. కొత్తగా చదవడం వచ్చిన పిల్లతో నాలుగు వాక్యాలు చదివించి ఫోన్లో రికార్డు చేసి, గ్రూపులో కాకుండా అమ్మకు మాత్రమే పంపాలి. పని మధ్యలో ఫోనెత్తడం ఆమెకు కుదరకపోవచ్చు, రికార్డు అయితే వీలైనప్పుడు వింటుంది. అమ్మకు వినిపించడానికైతే పిల్ల అదే పేరాను పదిసార్లు చదువుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక విన్నపం. కొత్త టీచర్ల పొద్దుటి మొదటి గంటను యాప్‌లు తినేస్తున్నాయి. లీప్ యాప్‌లో హాజరు తప్పదు. భోజనం ఫొటోలు, మిగతా వివరాలు లంకల్లో సిగ్నల్ కోసం ఏటిగట్టు ఎక్కి పంపాల్సి వస్తోంది. చదువు చెప్పే మొదటి గంటలో హాజరు తప్ప ఇంకేదీ అడగకుండా, మిగతావన్నీ భోజన విరామం తర్వాత ఒకేసారి తీసుకోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా తనిఖీకి వచ్చినప్పుడు సిలబస్ ఎంతయిందని కాకుండా, పిల్లకొక పేజీ ఉన్న ఆ నోటుబుక్కు చూపమని అడగాలి. చుట్టుపక్కల బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సగం సమయం ఒకే గదిలో మూడు తరగతుల పాఠం నిజం పిల్లలతో జరగాలి, మిగతావాళ్లు వెనక కూర్చుని చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఒకరిద్దరు టీచర్లున్న బడుల్లో చేరిన కొత్తవాళ్లను జూన్, జులైలో వారానికి ఒక రోజు చొప్పున ఆరు వారాలు, ఇలాంటి గదిని బాగా నడుపుతున్న దగ్గరి బడికి పంపాలి. మొదటి రెండు వారాలు చూడాలి, తర్వాతి రెండు వారాలు ఒక గుంపును తీసుకోవాలి, చివరి రెండు వారాలు గది మొత్తం నడపాలి. ఆ రోజు వాళ్ల బడికి క్లస్టర్ రిసోర్స్ టీచరును (సీఆర్‌ఎంటీ) పంపితే పిల్లల చదువు ఆగదు. ప్రతి కాంప్లెక్సులో అలాంటి బడి ఒక్కటైనా ఉంది, మండల విద్యాధికారులకు (ఎంఈఓలకు) ఆ బడులేవో తెలుసు. బడులు తెరిచిన మొదటి వారంలోనే ఆ జాబితా, ఎవరు ఎక్కడికి ఏ రోజు వెళ్లాలన్నది ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు,
అమలాపురం, నరసాపురం ప్రాంతాలు.